ఆయాసం మాత్రతో మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందా?

ప్రశ్న: వయసు 26. పోటీ కోసం పది వారాలు జిమ్ము 'కోర్సు' వాడాను, అందులో కండలు పెంచే స్టెరాయిడ్ అయిన స్టానోజొలాల్ మాత్రలున్నాయి. మొన్నటి రిపోర్టులో టోటల్ కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 22, ట్రైగ్లిజరైడ్లు 120. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ 4 మి.గ్రా. మాత్ర పూటకొకటి వేసుకుంటే హెచ్‌డీఎల్ లేస్తుందని, కొవ్వు కూడా కరుగుతుందని తోటివాళ్లు అంటున్నారు. వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: వద్దు. మీవాళ్లది ఉత్త గాలిమాటేం కాదు. సాల్బుటమాల్, అదే కోవకు చెందిన టెర్బుటలిన్ మాత్రలిచ్చి చూసిన చిన్న పరిశోధనల్లో హెచ్‌డీఎల్ పది శాతం అటూ ఇటూగా పెరిగింది. కానీ మీ 22 మీద పది శాతమంటే ఎంత? 24 అవుతుంది. మగవాళ్లకు 40 లోపుంటేనే తక్కువ అంటాం.

అసలు గండి వేరేచోట పడింది. 1989లో అచ్చయిన ఒక పరిశోధనలో వెయిట్ లిఫ్టర్లు రోజుకు 6 మి.గ్రా. స్టానోజొలాల్ మింగితే ఆరు వారాల్లో హెచ్‌డీఎల్ మూడోవంతు పడిపోయింది. వారానికి 200 మి.గ్రా. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌తో 9 శాతమే తగ్గింది. మింగే స్టెరాయిడ్ నేరుగా కాలేయం మీద పనిచేసి, హెచ్‌డీఎల్‌ను విరగ్గొట్టే ఎంజైమును రెచ్చగొడుతుంది. జిమ్ముల్లో వాడే మోతాదు ఆ 6 మి.గ్రా.కు ఎన్నో రెట్లుంటుంది.

టోటల్ 190 చూసి నిబ్బరపడకండి. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే 24. 190లోంచి 22, 24 తీసేస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 144. ఆ అంకె మీ వయసుకు ఎక్కువే.

ఇంకో సంగతి. మందుతో హెచ్‌డీఎల్ అంకె పెంచినంత మాత్రాన గుండెకు మేలు జరుగుతుందని లేదు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచింది, అయినా వాడినవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో పరీక్షలు ఆపేశారు.

సాల్బుటమాల్ మాత్ర చేతులు వణికిస్తుంది, గుండె దడ పెంచుతుంది, రక్తంలో పొటాషియంను కణాల్లోకి నెట్టేస్తుంది. పోటీ ముందు నీళ్లు పోగొట్టుకోవడానికి మూత్రం మాత్ర, పైన ప్రీ-వర్కవుట్ కెఫీన్ కూడా తోడైతే గుండె లయ తప్పే ప్రమాదముంది. కొన్నాళ్లకు శరీరం మందుకు అలవాటుపడి కొవ్వు కరగడం మందగిస్తుంది. అప్పుడు మోతాదు పెంచుతారు, కథ అక్కడే ముదురుతుంది.

స్టానోజొలాల్ ఆపండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పది పన్నెండు గంటలు పరగడుపున ఉండి (మంచినీళ్లు తాగొచ్చు) లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) మళ్లీ చేయించండి, కాలేయ పరీక్షలు కూడా. అంతకు కనీసం వారం ముందు నుంచీ బరువైన స్క్వాట్లు మానండి. లేదంటే కాలేయ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు కండరం నుంచే పెరిగి కాలేయం పాడైందనిపిస్తుంది. జీజీటీ అనే మరో ఎంజైము పరీక్ష కూడా రాయించుకుంటే తేడా తెలుస్తుంది, అది కండరం నుంచి రాదు. కోర్సు ఆపాక నీరసం, కోరిక తగ్గడం ఉంటే ఎండోక్రైనాలజిస్టును కలవండి, జిమ్ములో ఇచ్చే 'రికవరీ' మాత్రల జోలికి పోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి వెయిట్ లిఫ్టర్, చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ఇన్‌హేలర్ వల్ల కొలెస్ట్రాల్ మారుతుందా? డోప్ టెస్టులో పట్టుకుంటారా?
– ఒక తండ్రి, నెల్లిమర్ల

జవాబు: సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో పఫ్‌కు 100 మైక్రోగ్రాములే. కొలెస్ట్రాల్ గురించి దిగులక్కర్లేదు. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధన ప్రకారం సాల్బుటమాల్ పీల్చడానికి 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ 8 గంటల్లోనైనా 600 దాటకూడదు. అంటే ఎనిమిది గంటల్లో ఆరు పఫ్‌లు. నెబ్యులైజర్‌లో పోసే గొట్టంలో 2.5 మి.గ్రా., అంటే 2500 మైక్రోగ్రాములు ఉంటాయి కాబట్టి, అది పెట్టించాల్సి వస్తే నాడాకు (మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ) చికిత్స మినహాయింపు దరఖాస్తు పెట్టాలి. మాత్ర, సిరప్ రూపంలో సాల్బుటమాల్ పూర్తిగా నిషేధం.

చాలామంది దొరికిపోయేది దగ్గు మందుతోనే. కఫం సిరప్పుల్లో టెర్బుటలిన్ కలిసి ఉండటం మామూలే, అదీ నిషేధమే. సీసా వెనక కాంపోజిషన్ చదివాకే పట్టండి. బుడెసొనైడ్ ఇన్‌హేలర్‌ను స్టెరాయిడ్ అని భయపడి ఆపకండి, అది కండలు పెంచే రకం కాదు. డాక్టరు రాసిన మామూలు మోతాదులో పీల్చడానికి అనుమతి ఉంది. వారంలో రెండు రోజులకు మించి సాల్బుటమాల్ అవసరమవుతోందంటే ఉబ్బసం అదుపులో లేదన్నమాట, డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: క్లెన్‌బ్యుటెరాల్ కూడా ఆయాసం మందే కదా, సాల్బుటమాల్ బదులు వాడితే?
– ఆమదాలవలస పాఠకుడు

జవాబు: కొన్ని దేశాల్లో ఆయాసానికి ఇస్తారు, నిజమే. కానీ దాని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఒక మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు. డబ్బా మీద అంకె తప్పు చదివినా, లోపల సరుకు కల్తీదైనా ఆసుపత్రి పాలే. ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఒకటిన్నర రోజు పడుతుంది, అందుకని రోజూ వేస్తే పేరుకుపోతుంది. క్రీడల్లో దీనికి కనీస అనుమతి కూడా లేదు. ఇప్పటికే వేసుకుని దడ తగ్గకపోయినా, ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. మాత్రల డబ్బా వెంట తీసుకెళ్లి, ఏం వేసుకున్నారో దాచకుండా చెప్పి, ఈసీజీ, పొటాషియం పరీక్ష చేయించుకోండి.