మైదానంలో ఆదుకునే అబ్బాయి ఇంట్లో ఎందుకు కదలడు?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతూ పాఠశాల కబడ్డీ జట్టులో ఆడుతున్నాడు. కిందపడినవాణ్ణి లేపుతాడనీ, ఓడిన రోజున తోటివారికి ధైర్యం చెబుతాడనీ వ్యాయామ ఉపాధ్యాయులు మెచ్చుకుంటారు. ఇంట్లో మాత్రం మోకాళ్ళ నొప్పులతో బాధపడే నానమ్మకు మంచినీళ్ళయినా అందించడు. పనులన్నీ నాకూ, మా అమ్మాయికీ మిగులుతున్నాయి. ఆట మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండమ్మా. ఎదుటివారి అవసరాన్ని కనిపెట్టే గుణం మీ అబ్బాయికి ఉన్నదని ఆ మైదానమే చెబుతున్నది. అది ఇంటిదాకా రావడం లేదన్నదే మన చిక్కు.

కబడ్డీలో ఏడుగురికీ ఎవరి చోటు వారికి ఉంటుంది. కార్నర్‌లో ఉన్నవాడు కూతకు వచ్చినవాడి కాలు పట్టుకున్న క్షణంలో పక్కనున్న కవర్ ఆటగాడు అందుకోకపోతే పట్టు జారిపోతుంది, ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోతుంది. మీ అబ్బాయి కూతకు వెళ్ళి ఎదుటి జట్టులో ఒకరిని ఔట్ చేసి వస్తే, బయట కూర్చున్న తోటివాడు మళ్ళీ బతికి లోపలికి వస్తాడు. అంటే అక్కడ సాయం చేయడం ఆటలోనే ఇమిడి ఉన్నది, చేసినవాడికి దాని ఫలం వెంటనే కనిపిస్తున్నది. ఇంట్లో అతనికి అటువంటి చోటు ఎవరూ చూపలేదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రెండా బ్రెడెమైయర్, డేవిడ్ షీల్డ్స్ 1980లలో క్రీడాకారులను పరిశీలించి, ఆటలో మంచిచెడ్డలను తూచే తీరు, నిత్యజీవితంలో తూచే తీరు ఒకటిగా ఉండవని చూపారు. కాబట్టి ఆటలో అలవడినది దానంతటదే ఇంటికి వస్తుందని ఎదురుచూడకండి. ‘నానమ్మకు సాయం చెయ్యి’ అని ఊరికే అనకుండా, సాయంత్రం ఆమెను చెయ్యి పట్టుకుని అరుగు దాకా నడిపించడం, రాత్రి మంచం దగ్గర నీళ్ళు పెట్టడం అతని పనులని చెప్పండి. మరిచిన రోజున గుర్తుచేయండి గాని, ఆ పని మీరో మీ అమ్మాయో అందుకోకండి.

‘నాకూ, మా అమ్మాయికీ’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ ఉత్తరంలో వాళ్ళ నాన్నగారి ప్రస్తావనే లేదు. ఇంటిపని ఆడవాళ్ళదని ఏ మగపిల్లవాడికీ ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు, తిన్న కంచం అక్కడే వదిలి లేచే తండ్రిని రోజూ చూస్తే చాలు. మీ ఇంట్లో అలాగే జరుగుతుంటే, అబ్బాయితో మాట్లాడేముందు ఆయనతో మాట్లాడండి. ఆ తర్వాత ఒక సాయంత్రం తీరికగా, ‘మీ జట్టులో ఒకడికి మోకాలు పట్టేస్తే నువ్వేం చేస్తావు?’ అని అబ్బాయిని అడిగి, అతను చెప్పేది పూర్తిగా విని, అప్పుడు నానమ్మ మాట ఎత్తండి.