పట్నం వెళ్తున్నాం.. పది నెలల బాబును ఊళ్లో వదిలేయాలా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. మా ఆయన కాకినాడలో తాపీ పని చేస్తున్నారు. వచ్చే నెల నేనూ వెళ్లిపోతున్నాను, ఏదైనా పని చూసుకోవాలి. బాబుకు పది నెలలు, నా పాలు తాగుతాడు. తొమ్మిదో నెల టీకా ఇంకా వేయించలేదు. పట్నం నీళ్లు పిల్లాడికి పడవని, రెండేళ్లు వచ్చేదాకా తన దగ్గర వదిలేయమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: బాబును మీతోనే తీసుకెళ్లండమ్మా. ఈ వయసులో తల్లిపాలు ఒక్కసారిగా మాన్పించి సీసాతో పోతపాలు పట్టిస్తే, మీ అత్తగారు భయపడే విరేచనాలు ఊళ్లోనే పట్టుకోవచ్చు.

అలాగని ఆవిడ భయాన్ని కొట్టిపారేయను. లెక్కల్లో పట్నమే నయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లు నిండకుండా చనిపోయే పిల్లలు దేశంలో వెయ్యికి పల్లెల్లో సుమారు 46 మంది, పట్టణాల్లో 32 మంది. కానీ అది పట్నంలో ఎప్పుడో స్థిరపడ్డవాళ్లనూ కలిపిన సగటు. కొత్తగా వచ్చి ఒక్క గదిలో దిగినవాళ్లకు మొదటి నెలలు గడ్డుకాలమే. ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి టీకా గుర్తుచేస్తుంది. పట్నంలో మీ వాడి సంగతి ఎవరికీ తెలియదు. జబ్బు చేస్తే ఎక్కడికెళ్లాలో తెలియక రెండు రోజులు ఆగి, మూడో రోజు పరుగెత్తుకొచ్చే తల్లులను చూస్తుంటాం. ఆ రెండు రోజులే పిల్లల ప్రాణాల మీదికి తెస్తున్నాయి.

అందుకే బయలుదేరేలోపే తట్టు–రుబెల్లా టీకా, విటమిన్ ఎ మందు వేయించండి. తట్టు గాలి ద్వారా అంటుకుంటుంది, ఇరుకు గదుల్లో మరీ త్వరగా. రెండో డోసు 16–24 నెలల మధ్య కాకినాడలో పడాలి కాబట్టి టీకా కార్డు సామాను మూటల్లో కాదు, మీ చేతి సంచిలో పెట్టుకోండి. గది దొరికిన వారంలోనే వార్డు సచివాలయంలో ఏఎన్ఎంకి అది చూపించి, అంగన్‌వాడీలో పేరు రాయించండి. పేరు ఊళ్లో ఉంది కదా అని ఊరుకోవద్దు.

ఇక నీళ్లు. కాకినాడ కుళాయిల్లో వచ్చేదీ గోదావరి కాలువ నీళ్లే. తేడా అంతా నిల్వ చేయడంలోనే ఉంది. పొద్దున కాసేపు కుళాయి వస్తుంది, డ్రమ్ము నింపుతాం, ఇంటిల్లిపాదీ అందులోనే చెంబు, చెంబుతోపాటు వేళ్లూ ముంచుతాం. విరేచనాలు అంటుకునేది అక్కడే. బాబు నీళ్లు బాగా మరగనిచ్చి, మూత ఉన్న చిన్న బిందెలో విడిగా ఉంచి, కాడ ఉన్న గరిటెతో తీయండి. టిన్ను నీళ్లయినా కాచాల్సిందే. పాలసీసా వద్దు, గిన్నె, చెంచా చాలు.

పనికి వెళ్లాల్సి వస్తే పొద్దున, రాత్రి మీ పాలే పట్టండి. మధ్యాహ్నానికి మెత్తగా మెదిపిన పప్పన్నం, అందులో చెంచాడు నూనె, ఒక గుడ్డు. టీలో ముంచిన బిస్కెట్లు తిండి కాదు. వీలైతే మొదటి రెండు నెలలు అత్తగారినే తోడు తీసుకెళ్లండి. పిల్లాడిని ఎవరికో అప్పగించి పనికెళ్లే టెన్షన్ తప్పుతుంది.

విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపకుండా, లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఏఎన్ఎం ఇచ్చే జింక్ మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి. కళ్లు లోతుకు పోయినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా, డొక్కలు ఎగరేసినా, నిమిషానికి 50 సార్లు, ఆపైన ఊపిరి తీస్తున్నా (ఏడాది దాటాక 40) వీధి చివర ఆర్ఎంపీ దగ్గర ఆగొద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి కాకినాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.