జిల్లేడు పాలు కంట్లో పడ్డాయా? నొప్పి లేదని ఊరుకోవద్దు

ప్రశ్న: నా వయసు 46. మొన్న వినాయక చవితికి తెల్ల జిల్లేడు పూలు కోస్తుంటే పాలు చింది కుడి కంట్లో పడ్డాయి. కాసేపు మండి తగ్గిపోయింది. మర్నాటి నుంచి ఆ కన్ను మంచు పట్టినట్టు మసకగా ఉంది, నొప్పి మాత్రం లేదు. తెల్లది దేవుడి చెట్టు, ఏమీ చేయదు, చేనుగట్టు మీది ఊదారంగు జిల్లేడే ప్రమాదమని మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా? ఇంకో రెండు రోజులు చూడొచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడొద్దమ్మా. ఇది చదవగానే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి లేదన్నారే, నాకు టెన్షన్ అంతా దాని గురించే. జిల్లేడు పాలకు కంటిని మొద్దుబార్చే గుణం ఉంది. లోపల దెబ్బ తగులుతున్నా మనకు తెలియనివ్వదు. ఆ పాలలోని విషపదార్థాలు కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక పొర) లోపలికి దిగి, దాని అడుగున ఉండే కణాలను దెబ్బతీస్తాయి. కార్నియాలో చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడేసేవి ఆ కణాలే. అవి పని మానేస్తే కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది, చూపు మసకబారుతుంది.

ఇక తెలుపు, ఊదా సంగతి. మన దగ్గర కనిపించే జిల్లేళ్లు రెండు జాతులు. పెద్ద జిల్లేడు, అంటే కాలోట్రోపిస్ జైగాంటియా పూరేకులు బాగా విచ్చుకుని వెనక్కి వాలి ఉంటాయి. ఒక మొక్కకు ఊదాగా, ఇంకో మొక్కకు తెల్లగా పూసేది ఈ జాతే. కాబట్టి మీరు పూజకు కోసిన చెట్టూ, గట్టు మీది చెట్టూ చాలావరకు ఒకే జాతి అయి ఉంటాయి. రెండోది కాలోట్రోపిస్ ప్రోసెరా. దాని పువ్వు కాస్త చిన్నది. రేకులు నిటారుగా నిలబడి, కింద తెల్లగా, కొసల దగ్గర ముదురు ఊదాగా ఉంటాయి. పూలలో ఇంత తేడా ఉన్నా, కంట్లో పడితే రెండింటి పాలూ ప్రమాదమే. పూజకు వాడొద్దని నేను అనను, పాలతో జాగ్రత్త అంటున్నాను, అంతే.

డాక్టర్ పరీక్షించి వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు, నీరు లాగే ఉప్పు చుక్కలు అవసరాన్ని బట్టి ఇస్తారు. సకాలంలో వెళ్తే చాలామందికి ఒకటి రెండు వారాల్లో చూపు తేటపడుతుంది. కానీ చనిపోయిన ఆ అడుగు కణాలు మళ్లీ పుట్టవు. ముందుముందు శుక్లాల ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే ఈ సంగతి ఆ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కోవద్దు. కంట్లో పుండు ఉంటే అవి దాన్ని ముదరబెడతాయి. ఆముదం, చనుబాలు లాంటివి అసలే వేయొద్దు.

ఎవరికైనా ఈ పాలు కంట్లో పడితే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, వేళ్లకూ పాలు అంటుకుని ఉంటాయి కదా. తర్వాత రెప్పలు విప్పి పట్టుకుని 15 నుంచి 20 నిమిషాలు కుళాయి నీళ్లతో కడగాలి. మంట తగ్గినా సరే, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. జిల్లేడు కొమ్మలు ముఖం ఎత్తులో విరవొద్దు, పిల్లలతో కోయించొద్దు.