ఎస్టీమ్ ర్యాలీ ఇంజిన్‌కి 130 బీహెచ్‌పీ నిజంగా వస్తుందా? బెంగళూరు ట్యూనింగ్ చెన్నైలో పనికొస్తుందా?

మీరు అడిగినవి మూడు. పాత మారుతి ఎస్టీమ్ కారు కొన్నారు, ర్యాలీకి దింపాలి. ఇంజిన్ కట్టే ఆయన 130 బీహెచ్‌పీ గ్యారంటీ అంటున్నాడు, నమ్మొచ్చా? డబ్బు ముందు దేని మీద పెట్టాలి? ట్యూనింగ్ బెంగళూరులోనే చేయించేస్తే చెన్నైలో ఆడటానికి సరిపోతుందా?

మాది బెంగళూరు పీణ్యలో చిన్న మెషిన్ షాపు. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. ర్యాలీ ఆడే కుర్రాళ్లకి హెడ్ (ఇంజిన్ పై భాగం) పని, బోరింగ్ పని చేసిపెడుతుంటాను. సీజన్‌లో ఖాళీ దొరికితే వాళ్ల సర్వీస్ వ్యాన్ ఎక్కి చిక్కమగళూరు దాకా పోతుంటాను. డ్రైవింగ్ గురించి నన్నడగొద్దు, బానెట్ కింద సంగతైతే కొంత తెలుసు.

130 సంగతి. మీ ఇంజిన్ 1298 సీసీ, 16 వాల్వులది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 85 బీహెచ్‌పీ. టర్బో లేకుండా 130 అంటే లీటరుకు 100 చొప్పున లాగాలి. అసాధ్యం అనను. కానీ దానికి ఇంజిన్ 8000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర తిరగాలి, పెద్ద క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) కావాలి. పెద్ద క్యామ్ వేస్తే కింద పికప్ పోతుంది. కాఫీ తోటల మధ్య మట్టి దారిలో హెయిర్‌పిన్ తిరిగి సెకండ్ గేర్‌లో 3000 దగ్గర యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి కదలకపోతే పైన 130 ఉండి ఏం లాభం? ప్రపంచ ర్యాలీ కార్లకు చాలా ఏళ్లు టర్బో ముందు 34 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ (గాలి దారిని సన్నం చేసే వలయం) ఉండేది. అంతకు మించి గాలి దూరదు కాబట్టి వాళ్ల ఇంజినీర్లు పైన పవర్ వేట మానేసి, కిందా మధ్యలో టార్క్ నింపడం మీద పడ్డారు. మనకీ అదే దారి. 105 దగ్గర ఆగి 3000 నుంచి 6000 దాకా గట్టిగా లాగే ఇంజిన్ అయితే నేను సంతోషంగా కట్టిస్తాను.

ఇంకో లెక్క చూడండి. 6500 ఆర్‌పీఎమ్‌ని 7500 చేస్తే వేగం పెరిగేది 15 శాతం. కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద పడే లాగుడు మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 33 శాతం. ఇది చెప్పకుండా లిమిటర్ పైకి జరిపేవాళ్లని చూశాను. పాత బోల్టులతో ఆ పని వద్దు. బోల్టులు కొత్తవి వేయండి, అదీ మంచి కంపెనీవి.

ఇక డబ్బు. మొదటి రూపాయి ఆయిల్ మీద, రెండోది గాలి ఫిల్టర్ మీద పెట్టండి. వినడానికి నీరసంగా ఉంటుంది, నాకు తెలుసు. ర్యాలీలో గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు, పొడవాటి మలుపులో సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఉండే తొట్టిలోని) ఆయిల్ అంతా ఒక పక్కకి పోతుంది. పీల్చే గొట్టం గాలి మింగుతుంది. బేరింగ్ పాడవడానికి ఆ అర సెకను చాలు. అందుకే సంప్‌లో అడ్డరేకులు వెల్డింగ్ చేయించాలి. కింద సంప్ గార్డు ఎలాగూ వేస్తారు, అది రాళ్లని ఆపుతుంది కానీ సంప్‌కి తగిలే గాలినీ ఆపేస్తుంది. ఆయిల్ 130 డిగ్రీలు దాటుతోందంటే ఆయిల్ కూలర్ తప్పదు. కాబట్టి డ్యాష్ మీద ఆర్‌పీఎమ్ లైటు కంటే ముందు ఆయిల్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ మీటర్లు పెట్టించండి.

గాలి ఫిల్టర్ పేరు చూసి కొనకండి, అది కూర్చునే అంచు చూడండి. ఒక స్టేజ్ (ర్యాలీలో టైమ్ లెక్కపెట్టే దారి ముక్క) అయ్యాక ఫిల్టర్ వెనక పైపు విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్రటి మెత్తని దుమ్ము అంటిందంటే ఫిల్టర్ పక్క నుంచి గాలి దొంగచాటుగా పోతోందన్నమాట. ఆ దుమ్ము రింగుల్ని, బోరుని సానబట్టేస్తుంది. అంచుకి పలచగా గ్రీజు రాసి బిగిస్తే సగం సమస్య పోతుంది. స్టిక్కర్లు అంటించిన మెరిసే కోన్ ఫిల్టర్‌ని బానెట్ కింద వేడిలో వేలాడదీయడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

బ్లాక్ విషయం తొందరగా చెప్పేస్తాను, పాత పద్ధతే. బోరు 74 మిల్లీమీటర్లు. రింగు గ్యాప్ బోరు మిల్లీమీటరుకి 0.004 చొప్పున లెక్కేస్తే 0.30 దగ్గరకి వస్తుంది. ప్రతి రింగునీ దాని సిలిండర్‌లోనే పెట్టి ఫీలర్ గేజ్‌తో చూసి రుద్దుకోవాలి. ఓవర్‌సైజ్ వేస్తే గ్యాప్ కూడా ఆ లెక్కనే పెరుగుతుంది. బేరింగ్ క్లియరెన్స్ కొలవకుండా "చేతికి తెలుస్తుంది సార్" అనే మేస్త్రీకి నమస్కారం పెట్టి వచ్చేయండి. విడిభాగాల గురించి టెన్షన్ వద్దు. జిప్సీ చివరి మోడళ్లలో, మొదటి తరం పెట్రోల్ స్విఫ్ట్‌లో ఈ కుటుంబం ఇంజినే ఉంది. బెంగళూరులో జేసీ రోడ్డు, చెన్నైలో పుదుపేట తిరిగితే దాదాపు అన్నీ దొరుకుతాయి.

హెడ్ దగ్గరే అందరూ తొందరపడతారు. పోర్టులు (గాలి, పొగ పోయే దారులు) పెద్దవి చేస్తే పవర్ వస్తుందనుకుంటారు. పెద్ద పోర్టులో గాలి వేగం తగ్గి కింద టార్క్ చస్తుంది. నేను వాల్వ్ సీట్ దగ్గరి అంచుని నున్నగా చేసి, గైడ్ చుట్టూ కొంచెం తీసి వదిలేస్తాను. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ నిష్పత్తి) మాత్రం లెక్కగా పెంచాలి. ఒక సిలిండర్ 324.7 సీసీ తుడుస్తుంది. నిష్పత్తి 9.5 అయితే పైన మిగిలే ఖాళీ 38.2 సీసీ, 10.5 కావాలంటే 34.2. అంటే తేడా 4 సీసీ. వాల్వులు, ప్లగ్ బిగించి హెడ్‌ని తలకిందులుగా పెట్టి, చాంబర్ మీద గ్రీజుతో అక్రిలిక్ పలక అంటించి, పలకకి ఉన్న రంధ్రంలోంచి బ్యూరెట్‌తో కిరోసిన్ వదిలి కొలుస్తాం. నాలుగు చాంబర్లూ ఒకలాగే ఉండవు, ముందు చిన్నదాన్ని మిగతావాటి స్థాయికి తేవాలి. ఫేసింగ్ చేస్తే (హెడ్ అడుగు చెక్కితే) హెడ్ కిందికి దిగి టైమింగ్ బెల్ట్ వదులై, టెన్షనర్ దాన్ని లాక్కున్నప్పుడు క్యామ్ టైమింగ్ కాస్త ఆలస్యమవుతుంది. అందుకే సరిచేసుకునే వెర్నియర్ పుల్లీ కావాలి. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎడం చూడటానికి పిల్లల క్లే ముద్ద పిస్టన్ మీద పెట్టి, హెడ్ బిగించి చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఇన్‌టేక్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లకి తగ్గొద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, బెంగళూరా చెన్నైయా. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి 91 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది, చెన్నైలో 101. అంటే అక్కడ అదే ఇంజిన్ పది శాతం ఎక్కువ గాలి పీలుస్తుంది. స్టాండలోన్ ఈసీయూలో (కంపెనీది తీసి పెట్టే, మనం మార్చుకోగల ఇంజిన్ కంప్యూటర్‌లో) మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) బట్టి పెట్రోల్ ఇచ్చే మ్యాప్ (అంకెల పట్టిక) పెడితే, బెంగళూరు డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద యాక్సిలరేటర్ నేలకి తొక్కినా 90 కిలోపాస్కల్ వరస దాటదు. 95, 100 వరసలు ఎవరూ ముట్టుకోరు. ట్యూనర్ మర్చిపోతే వాటిలో ఏదో పాత అంకె అలాగే ఉండిపోతుంది. అదే బండి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదకి దిగగానే నేరుగా ఆ వరసల్లోకే పోతుంది. త్రాటిల్ తెరుచుకోవడాన్ని మాత్రమే చూసే మ్యాప్ అయితే ఇంకా ఘోరం. వాతావరణ ఒత్తిడి సెన్సర్ లేకపోతే గాలి పెరిగిందని దానికి తెలియనే తెలియదు.

అలాంటి బండి ఒకటి మా దగ్గరకి వచ్చింది. ట్యూనింగ్ ఎక్కడ చేశారో పేరు వద్దు లెండి. ప్లగ్ విప్పితే పింగాణీ తెల్లగా ఉంది, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు. భూతద్దంతో చూస్తే కొన్ని మెరుస్తున్నాయి, అది పిస్టన్ అల్యూమినియం. నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలై చాలాసేపయిందని అర్థం.

కాబట్టి బెంగళూరులో బేస్ మ్యాప్ చేయించుకోండి, తప్పు లేదు. పై వరసలకి పెట్రోల్ లెక్కప్రకారం పెంచి, ఇగ్నిషన్ (ప్లగ్ మంట వేసే సమయం) రెండు డిగ్రీలు వెనక్కి లాగి పెట్టమనండి. చెన్నై చేరాక ర్యాలీకి ముందు వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగను బట్టి గాలి, పెట్రోల్ పాళ్లు చూసేది), లాప్‌టాప్ లాగ్ పెట్టుకుని ఆ వరసలు సరిచేయించండి. ఫుల్ లోడ్‌లో లాంబ్డా (సరైన నిష్పత్తితో పోలిస్తే గాలి ఎంతో చెప్పే అంకె, 1 అంటే సరిగ్గా) 0.86 నుంచి 0.88 మధ్య నాకు ఇష్టం. గాలి, పెట్రోల్ నిష్పత్తి అంకెల్లో మాట్లాడే ట్యూనర్ అయితే జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానికి సరైన నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర. లాంబ్డాలో చూస్తే ఈ గొడవ లేదు. 100 ఆక్టేన్ పోసి మ్యాప్ చేయించి తోటల మధ్య ఊళ్లో మామూలు పెట్రోల్ పోయడం కూడా వద్దు, దారిలో దొరికేదానికే ట్యూన్ చేయించండి. ఇగ్నిషన్ పెంచుతూ పోతే ఒకచోట టార్క్ పెరగడం ఆగుతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి రావాలి. చెన్నై ఎండలో బండి సర్వీస్‌లో ఆగి, లోపల గాలి కాగిపోయి మళ్లీ స్టేజ్‌కి వెళ్లినప్పుడు ఆ డిగ్రీలే కాపాడతాయి.

డైనో కాగితం చూసేటప్పుడు ఒక మాట. బెంగళూరులో కొలిచిన అంకెకి సాఫ్ట్‌వేర్ ఎత్తు కోసం పది శాతం దాకా కలిపి చూపిస్తుంది. తప్పేం కాదు, పద్ధతే అది. కానీ మీ ఇంజిన్ కట్టే ఆయన్ని కరెక్షన్ లేని అంకె ఎంత, చక్రాల దగ్గరా క్రాంక్ దగ్గరా, 3500 దగ్గర టార్క్ ఎంత అని అడగండి. మూడో ప్రశ్నకి ఆయన విసుక్కుంటే వేరే ఆయన్ని వెతుక్కోండి.

ఇంకా హెడ్ విప్పలేదు కదా? అయితే ముందు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసులు నడిపే సంఘం) రూల్ బుక్ తెచ్చుకుని మీ క్లాసులో క్యామ్, కంప్రెషన్, ఈసీయూ మార్చడానికి ఒప్పుకుంటారో లేదో చదవండి. స్క్రూటినీలో (అధికారుల తనిఖీలో) సీలు పగలగొట్టి కొలిచే రోజు ఉంటుంది. తర్వాత హెడ్ విప్పి నాలుగు చాంబర్ల సీసీ, గాస్కెట్ మందం, పిస్టన్ బ్లాక్ పైకి ఎంత దూరంలో ఆగుతోందో కొలిచి ఇక్కడ రాయండి. ఎంత ఫేసింగ్ తీయాలో లెక్క వేసి చెప్తాను. అందాకా ఎవరు అడిగినా హెడ్ మెషిన్ ఎక్కించనివ్వకండి.