బల్ల దగ్గరికి వెళ్లే ముందు

చిన్నీ,

ప్రభువు నామంలో వందనాలు. వచ్చే నెల బిషప్ గారు మీ గుడికి వస్తున్నారనీ, నీకు కన్ఫర్మేషన్ అనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన నమ్మకాన్ని గుడిలో పైకి చెప్పే విశ్వాస ప్రమాణం మధ్యలో మర్చిపోతానేమోనని నీకు టెన్షన్‌గా ఉందట. మర్చిపోయినా ఏం కాదమ్మా, గుడంతా నీతో కలిసి చెబుతుంది.

నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు డోర్నకల్‌లో బాప్తిస్మం ఇప్పించాం. ఆ రోజు నీ తరఫున "నమ్ముతున్నాం" అని మేమే చెప్పాం. ఇప్పుడు ఆ మాట నీ నోటితో నువ్వు చెప్పాలి. బిషప్ గారు నీ తల మీద చెయ్యి పెట్టి పరిశుద్ధాత్మ కోసం ప్రార్థిస్తారు. ఆ తర్వాత నువ్వూ బల్ల, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం తీసుకోవచ్చు.

విశ్వాస ప్రమాణాన్ని బట్టీ పట్టకు. రోజుకో మాట తీసుకుని దానితోనే ప్రార్థన చేసుకో. "పాప క్షమాపణను నమ్ముచున్నాను" అనే మాట దగ్గర మాత్రం నాలుగు రోజులు ఆగు. నాకు అది అర్థం కావడానికి నలభై ఏళ్లు పట్టింది.

పొలం గట్టు విషయంలో మా ఆడపడుచుకీ నాకూ రెండేళ్లు మాటల్లేవు. ఒకే గుడి, ఒకే బల్ల. మన ఆరాధనలో కానుకకు ముందు పాస్టరు అయ్యగారు సమాధానం, అంటే శాంతి, ఇస్తారు కదా, అది చేతి నుంచి చేతికి వరసలన్నీ దాటుతూ వస్తుంది. ఒక ఆదివారం నా పక్కన ఆమే కూర్చుంది. ఆమె చేతులు నా ముందుకొచ్చాయి. పట్టుకున్నాను గానీ నోట మాట రాలేదు. ఆ రోజు నేను బల్ల తీసుకోలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అర్పణ బలిపీఠం దగ్గర విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పిన మాట నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో మాట. ఊళ్లో మా నాయనమ్మ వాళ్లను బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. దూరంగా నిలబడితే ఎవరైనా దయ తలచి కుండలో నీళ్లు పోసేవారు. అలాంటి మనిషి గుడిలో అందరితో పాటు మోకరించి అదే గిన్నెలోంచి తాగింది. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఏడ్చేది. అందుకే బల్ల దగ్గర ఎవరి పక్కన చోటుంటే వాళ్ల పక్కనే మోకరించు, ఏరుకోవద్దు. మన సంఘం, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), పుట్టింది కూడా ఇలాగే. అంతవరకు వేర్వేరు బల్లలుగా ఉన్న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం వాళ్లు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒక్కటయ్యారు.

మన డోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య గారు బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి "సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అనిపించేవారట. నమ్మకం మన దగ్గరే ఆగిపోకూడదని ఆయన తాపత్రయం. ఆడపిల్లవి కదా అని వెనక బెంచీలోనే ఉండిపోకు. 2013లో పుష్పలలిత గారు నంద్యాలకు బిషప్ అయ్యారు.

కానుక నీ చేతి ఖర్చులోంచి వెయ్యి, అమ్మను అడక్కు. మా అమ్మ అన్నం వండే ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి గుడి కోసం వేరే కుండలో వేసేది. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా ఆ గుప్పెడు మానలేదు.

రొట్టె తీసుకునేటప్పుడు కుడి అరచేతిని ఎడమ అరచేతి మీద పెట్టి చాపు. తొందరపడకు.

నువ్వూ మామయ్య కూతురూ దసరా నుంచి మాట్లాడుకోవడం లేదని విన్నాను. తప్పెవరిదో నేను అడగను. ఇద్దరూ నా బిడ్డల బిడ్డలే. ఈ ఆదివారం లోపు తనకు ఫోన్ చెయ్యి.

తెల్ల చీర నేనే తెస్తున్నాను, కొనొద్దని అమ్మకు చెప్పు.

మీ అమ్మమ్మ