బ్యాటు కదిలిపోతే జవాబు చెప్పాల్సింది దుకాణమే

మే నెల మొదటి ఆదివారం మా క్లబ్బు మైదానంలో ఒక అబ్బాయి సంచిలోంచి బ్యాటు తీసి నాకు చూపించాడు. ఖమ్మం నుంచి ఇంగ్లండు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. 240 పౌండ్లు పెట్టి దుకాణంలో ఇంగ్లిష్ విల్లో చెక్కతో చేసిన క్రికెట్ బ్యాటు కొన్నాడు. రెండో మ్యాచ్‌లోనే హ్యాండిల్ బ్లేడులోకి దిగే చోట అతుకు వదులైంది. చేత్తో ఊపితే లోపల కిర్రుమంటోంది. దుకాణానికి తీసుకెళితే, "మీరు నాకింగ్ (కొత్త బ్యాటును సుత్తితో కొట్టి ఆటకు సిద్ధం చేయడం) సరిగ్గా చేయలేదు, మా తప్పు కాదు, తయారుచేసిన కంపెనీకి రాసుకోండి" అన్నారట. "పోనీలెండి అంకుల్, ఇంకొకటి కొనుక్కుంటాను" అన్నాడు.

అద్దె, బస్సు ఖర్చు, ఇంటికి పంపే డబ్బు పోగా కొత్తగా వచ్చినవారికి నెలకు ఏం మిగులుతుందో నాకు తెలుసు. 240 పౌండ్లు పోనీలే అనుకునే మొత్తం కాదు. ఇంగ్లండులో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను, ఇలాంటివి చాలా చూశాను. అతన్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలనే, మీలో ఎవరికైనా అక్కరకు వస్తాయని రాస్తున్నాను.

మన డబ్బు ఇక్కడ ఎక్కువగా పోయేది మొహమాటం వల్లే. "అమ్మిన వస్తువులు తిరిగి తీసుకోబడవు" అన్న బోర్డుల కింద నిలబడి పెరిగినవాళ్లం. దుకాణదారు ఒక్కసారి కాదంటే మాట్లాడకుండా బయటికి వచ్చేస్తాం. నిజానికి మన దేశంలోనూ లోపమున్న వస్తువు విషయంలో ఆ బోర్డు చెల్లదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

బ్రిటన్‌లో 2015 అక్టోబరు 1 నుంచి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్, అంటే వినియోగదారుల హక్కుల చట్టం, అమల్లో ఉంది. వ్యాపారి అమ్మిన వస్తువు సంతృప్తికరమైన నాణ్యతతో ఉండాలి, ఏ పనికని అమ్మారో ఆ పనికి పనికిరావాలి, చెప్పిన వర్ణనకు సరిపోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా జవాబుదారీ మీకు అమ్మిన దుకాణమే. మీరు ఒప్పందం చేసుకున్నది వాళ్లతోనే, తయారీ కంపెనీతో కాదు. కంపెనీ ఇచ్చే గ్యారంటీ దీనికి అదనం, దీని స్థానంలో వచ్చేది కాదు. కాబట్టి "కంపెనీని అడగండి" అన్నప్పుడు మర్యాదగా, "నాకు అమ్మింది మీరు, చట్ట ప్రకారం బాధ్యత మీది" అనండి. గొంతు పెంచనక్కర్లేదు, కానీ కౌంటరు దగ్గరి నుంచి కదలకండి.

ఇక నాకింగ్ సంగతి. కొత్త విల్లో బ్యాటుకు అవిసె నూనె పట్టించి, చెక్క సుత్తితో గంటల తరబడి మెల్లగా కొట్టి సిద్ధం చేయాలన్నది నిజమే. అది చేయకుండా మ్యాచ్‌కు తీసుకెళితే అంచులు చీలవచ్చు, యార్కరు తగిలి అడుగు పగలవచ్చు. అలాంటి వాటికి దుకాణం కాదంటే వాళ్ల మాటలో న్యాయం ఉంది. బ్లేడు మీద సన్నని గీతల్లాంటి పగుళ్లు వాడకంలో వచ్చేవే, వాటిని పట్టుకుని గొడవ పడకండి. కానీ ఆ అబ్బాయి బ్యాటులో చెడింది బ్లేడు ముఖం కాదు. బెత్తపు హ్యాండిల్‌ను బ్లేడులో జిగురుతో బిగించిన అతుకు వదిలింది. మీరు ఎన్ని గంటలు సుత్తితో కొట్టినా ఆ జిగురు బాగుపడదు, కొట్టకపోయినా పాడవదు. అది తయారీలో లోపం. దుకాణంవాళ్లు చెప్పే కారణానికీ, వస్తువులో ఉన్న లోపానికీ సంబంధం ఉందా లేదా అని ముందు చూసుకోవడం ఎంత అవసరమో చెప్పడానికే ఇంత వివరం రాశాను. షూస్ అయినా, రాకెట్ అయినా, సైకిలు అయినా ఇదే చూడాలి.

వస్తువు చేతికి వచ్చిన రోజు నుంచి 30 రోజుల లోపల లోపం బయటపడితే, ఆ గడువులోగానే దాన్ని తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు. రిపేరుకు ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. దుకాణం కూపన్లతో సరిపెట్టుకోవాల్సిన పని కూడా లేదు, మీరు ఏ విధంగా చెల్లించారో ఆ విధంగానే తిరిగి రావాలి. డబ్బు ఇవ్వాల్సి ఉందని ఒప్పుకున్నాక దుకాణానికి 14 రోజులకు మించి గడువు లేదు. అయితే ఈ 30 రోజుల హక్కు వాడుకునేటప్పుడు లోపం మొదటి నుంచీ ఉందని చూపించాల్సింది మీరే. అందుకే లోపం కనిపించిన రోజే ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి. శబ్దం వస్తుంటే శబ్దంతో సహా.

30 రోజులు దాటాయని వదిలేయవద్దు. అప్పుడు రిపేరు గానీ, మార్పిడి గానీ అడగాలి. దుకాణానికి ఒక్క అవకాశం. అది విఫలమైతే వస్తువు తిరిగి ఇచ్చేయవచ్చు, లేదా ఉంచుకుని ధర తగ్గించమనవచ్చు. ఆరు నెలల లోపల బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది దుకాణమే. ఆ ఆరు నెలల్లో తిరిగి ఇస్తే వాడుకున్నందుకని డబ్బు కోయకూడదు, ఒక్క మోటారు వాహనాలకు తప్ప.

ఇది తెలియక నేను ఒకసారి మూడు నెలలు నష్టపోయాను. ఇంట్లోకి ట్రెడ్‌మిల్ కొన్నాం. ఆరో వారంలో పరిగెడుతుంటే బెల్టు జారడం మొదలైంది. మా ఆవిడ పడబోయి పిడి పట్టుకుని ఆగింది. అమ్మినవాళ్లు తయారీ కంపెనీ నంబరు ఇచ్చారు. ఆ కంపెనీ వాళ్లు మనిషిని పంపుతామంటూ వారం వారం వాయిదా వేశారు. చివరికి ఆఫీసులో ఒక పెద్దాయన చట్టం చూపించాక, అమ్మిన దుకాణానికే ఉత్తరం రాశాను. ఒకసారి రిపేరు చేశారు, పది రోజులకు బెల్టు మళ్లీ జారింది. అప్పుడు తిరస్కరించాను. అంత బరువైన యంత్రాన్ని తీసుకెళ్లే ఖర్చు కూడా వాళ్లదే. లోపమున్న వస్తువును తిరిగి పంపడానికి అయ్యే సబబైన ఖర్చు అమ్మినవారే భరించాలి. కొన్న చోటికే మీరు స్వయంగా తీసుకెళితే ఆ ప్రయాణ ఖర్చు మాత్రం రాదు.

లోపమేమీ లేదు, సైజు నప్పలేదు లేదా మనసు మారింది అంటే లెక్క వేరు. దుకాణంలో చూసి కొన్నదాన్ని వెనక్కి తీసుకోవాలన్న నిబంధన చట్టంలో లేదు, అది ఆ దుకాణం పెట్టుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం అందిన రోజు నుంచి 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత పంపడానికి మరో 14 రోజులు. మీ పేరు వేయించిన జెర్సీకి ఇది వర్తించదు. చూసుకోవడం వేరు, మ్యాచ్ ఆడటం వేరు. బంతి మచ్చలు పడిన బ్యాటును మనసు మారిందని పంపితే డబ్బు కోస్తారు, కోయడం సబబే.

బిల్లు పోయిందని కూడా బెంగ పడకండి. కొన్నట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. చెల్లించడం విషయంలో మాత్రం ఒక మాట. 100 పౌండ్లకు పైబడి 30,000 వరకూ ధర ఉన్న వస్తువును ఇక్కడి క్రెడిట్ కార్డుతో కొంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ ప్రకారం దుకాణంతో పాటు బ్యాంకుకూ బాధ్యత ఉంటుంది. దుకాణం మొండికేస్తే బ్యాంకునే అడగవచ్చు. కొత్తగా వచ్చినవారికి క్రెడిట్ కార్డు వెంటనే దొరకదు. డెబిట్ కార్డుతో కొన్నా చార్జ్‌బ్యాక్, అంటే చెల్లించిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించమని, అడగవచ్చు. అది చట్టమిచ్చిన హక్కు కాదు, కార్డు సంస్థల ఏర్పాటు, దానికీ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు. ఇంకొకటి, ప్రకటన చూసి ఎవరి ఇంటి నుంచో కొన్న పాత సామానుకు ఈ నాణ్యత హక్కులు ఉండవు. వర్ణన తప్పయితేనే అడగగలరు. డబ్బిచ్చే ముందే ఆడించి చూసుకోండి.

ఇంగ్లండు, వేల్స్‌లో ఉన్నవారు ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వినియోగదారుల సహాయ నంబరు 0808 223 1133కు ఉచితంగా ఫోను చేయవచ్చు. అవసరమనిపిస్తే విషయాన్ని, వ్యాపారుల అక్రమాలను చూసే స్థానిక ప్రభుత్వ విభాగం ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు వాళ్లే చేరవేస్తారు. ఆఖరి మెట్టు చిన్న మొత్తాల కోర్టు, ఇక్కడ 10,000 పౌండ్ల వరకూ, స్కాట్లండులో 5,000 వరకూ. అక్కడికి వెళ్లే ముందు 14 రోజుల గడువిస్తూ దుకాణానికి ఒక ఉత్తరం రాయండి. చాలాసార్లు ఆ ఉత్తరంతోనే పని అయిపోతుంది.

ఆ అబ్బాయి ఫోనులో బిల్లు చూస్తే కొని 22 రోజులైంది. ఆ సాయంత్రం మైదానం పక్కన బెంచీ మీదే కూర్చుని ఈమెయిలు రాయించాను. కొన్న తేదీ, చెల్లించిన మొత్తం, అతుకు వదిలిన సంగతి. తర్వాత ఒక్క వాక్యం: 2015 చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ బ్యాటును రిజెక్ట్ చేస్తున్నాను, పూర్తి డబ్బు ఇవ్వండి. రిజెక్ట్ అన్న మాటే వాడించాను. చూడండి, ఏదైనా చేయండి అని రాస్తే రిపేరు అడిగారని అనుకునే వీలుంటుంది. ఫొటోలు, కిర్రుమన్న వీడియో జతచేశాం. మంగళవారం జవాబు వచ్చింది, బ్యాటు తెచ్చి చూపించమన్నారు. ఈ శనివారం ఇద్దరం వెళుతున్నాం.