వ్యాలీ ఫోర్జ్‌కి చిన్నపిల్లలతో వెళ్తే విసుగు పుడుతుందా?

వ్యాలీ ఫోర్జ్ అంటే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జార్జ్ వాషింగ్టన్ సైన్యం చలికాలం మకాం వేసిన చోటు, ఫిలడెల్ఫియా దగ్గర ఇప్పుడదో పార్కు. న్యూజెర్సీ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావాలి, పిల్లలకి ఐదేళ్లు, తొమ్మిదేళ్లు అని అడిగారు. విసుగు పుట్టేది పార్కులో కాదు, కారులో. పార్కు దాదాపు 3,500 ఎకరాలు, కారులో తిరిగే దారి సుమారు 10 మైళ్లు. అన్ని స్టాపులూ చూడాలని కూర్చుంటే సీటుబెల్టు పెట్టడం, తీయడంతోనే సరిపోతుంది. నాలుగో చోటికల్లా చిన్నవాళ్లు దిగనని మొండికేస్తారు. సైనికుల గుడిసెలు, వాషింగ్టన్ ఉన్న ఇల్లు, ఈ రెండూ నింపాదిగా చూడండి. మూడు గంటలు చాలు. పార్కుకి టికెట్ లేదు.

జీపీఎస్‌లో వ్యాలీ ఫోర్జ్ అని మాత్రమే కొట్టకండి, ఆ పేరుతో దగ్గర్లో కేసినో కూడా ఉంది. పార్కు విజిటర్ సెంటర్ అని పెట్టుకోండి. అక్కడి బల్ల దగ్గర జూనియర్ రేంజర్ పుస్తకం, అంటే పిల్లలు పార్కు చూస్తూ నింపే పుస్తకం, అడిగి తీసుకోండి. పెద్దపిల్లకో పిల్లాడికో చేతిలో ఒక పని ఉంటుంది. బాత్రూములు కూడా అక్కడే కానిచ్చేయండి, గుడిసెల దగ్గర అంతా బయలు.

బయల్దేరేముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: ఇక్కడ యుద్ధం జరగలేదు. చెప్పకపోతే "ఎక్కడ కొట్టుకున్నారు?" అని రోజంతా అడుగుతారు. ఫిలడెల్ఫియా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంటే, వాషింగ్టన్ సైనికులు సుమారు 12,000 మంది 1777 డిసెంబరు 19న ఇక్కడికొచ్చి ఆరు నెలలు మకాం వేశారు. దాదాపు 2,000 మంది పోయారు, అదీ తూటాలకి కాదు, జబ్బులకి. మంచులో గడ్డకట్టి పోయారనుకుంటారు గానీ, ఎక్కువమంది పోయింది మార్చి నుంచి మే లోపు, ఎండ కాస్తున్న రోజుల్లోనే. సైనికులకి వాషింగ్టన్ మశూచికి టీకాలాంటిది వేయించాడని చెబితే తొమ్మిదేళ్ల వాళ్లకి ఇట్టే పడుతుంది.

మ్యూలెన్‌బర్గ్ బ్రిగేడ్ (ఆ పేరున్న సైనికదళం మకాం వేసిన చోటు) దగ్గరి గుడిసెలు మళ్లీ కట్టినవి, అసలువి కావు. వాషింగ్టన్ ఇచ్చిన కొలత 14 అడుగులు, 16 అడుగులు. ఒక్కోదాంట్లో 12 మంది. బాగా, తొందరగా కట్టిన జట్టుకి రెజిమెంటుకొకటి చొప్పున 12 డాలర్ల బహుమతి కూడా పెట్టాడు. ఇంటి నుంచి 60 అడుగుల పురికొస తీసుకెళ్లండి, చుట్టుకొలత సరిగ్గా అంతే. గడ్డి మీద నలుమూలలా నలుగురు నిలబడి దాన్ని చతురస్రంలా కాకుండా కాస్త పొడుగ్గా పట్టుకుంటే గది తయారు. లోపల పన్నెండు మంది ఎలా పడుకోవాలో పిల్లల్నే లెక్కతేల్చమనండి. బోర్డుల మీద రాసింది చదివి వినిపించడం కన్నా ఇది ఎంతో నయం. ఫిరంగుల మీదికి మాత్రం ఎక్కనివ్వకండి.

వాషింగ్టన్ ఉన్న రాతి ఇల్లు పాతదే. మెట్లు ఇరుకు, నిటారు. స్ట్రోలర్ బయట వదిలి, చిన్నవాళ్లని చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. ఇల్లు రోజంతా తెరిచి ఉంటుందనుకోకండి, వేళలు విజిటర్ సెంటర్‌లోనే అడగండి.

భోజనం మీరే కట్టుకెళ్లండి. పార్కులోనే వేన్స్ వుడ్స్, వార్నమ్స్ అనే చోట్ల పిక్నిక్ బల్లలున్నాయి. పులిహోర, పెరుగన్నం గాలికి ఎండిపోకుండా మూత బిగించండి, ఆ బయళ్లలో గాలి జాస్తి. సైనికులు తిన్న ఫైర్‌కేక్ అంటే పిండి, నీళ్లు కలిపి నిప్పు మీద కాల్చిన ముద్ద. అదే పిండి, ఉప్పు వేయకుండా, ముందురోజు పెనం మీద మందంగా కాల్చి ఒక ముక్క పట్టుకెళ్లండి. పులిహోర డబ్బా తెరిచే ముందు అది పెట్టాలి, తర్వాత పెడితే ముట్టరు.

ఏప్రిల్ నుంచి టిక్స్ బెడద ఉంటుంది, మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివే, కానీ కొన్ని నువ్వుగింజంత కూడా ఉండవు. జింకలు తిరిగే చోటు మరి. పొడుగు గడ్డిలోకి దిగనివ్వకండి, లేతరంగు సాక్సుల్లోకి ప్యాంటు దోపండి. ఇంటికి రాగానే స్నానం చేయించి మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో చూడండి. పట్టుకుని ఉంటే సన్నమొన పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు. తర్వాత వారాల్లో ఎర్రటి మచ్చ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించి, టిక్ కుట్టిందని చెప్పండి.